గ్లాసు అడుగు చూడమనండి

ప్రశ్న: అయ్యా, మాది చిత్తూరు. ఇంట్లోనే స్వీట్లు చేసి ఆర్డర్ల మీద ఇస్తుంటాను. మా పాప ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. తొమ్మిదో తరగతిలో చక్కెర నీళ్లు చూపించి సంతృప్త ద్రావణం అన్నారట. పదిలో మీథేన్ సంతృప్త హైడ్రోకార్బన్ అన్నారట. టీవీలో డాక్టరు చూస్తే నెయ్యిలో శాచురేటెడ్ ఫ్యాట్ ఎక్కువ అంటాడు. "ఇవన్నీ ఒకటేనామ్మా?" అని అడిగింది. నేను చదివింది బీకాం. "శాచురేటెడ్ అంటే బాగా చిక్కగా ఉండేదిలే" అని చెప్పేశాను. టెస్టులో అదే రాసింది, సున్నా పడింది. కాలేజీలో అడిగితే డెఫినిషన్ బట్టీ పట్టమన్నారట. ఇప్పుడు కెమిస్ట్రీ అంటేనే టెన్షన్ పడుతోంది. నాకు అర్థమయ్యేలా చెప్పండి, దానికి నేను చెప్పుకుంటాను. ఇంకో మాట: నేను పట్టే పాకం ఒక్కోసారి గిన్నెలోనే మళ్లీ చక్కెర అయిపోతుంది. దానికీ దీనికీ సంబంధం ఉందంటోంది పాప. నిజమేనా?

జవాబు: అమ్మా, మీ పాప రాసిన జవాబే నేనూ ఒకప్పుడు చెప్పి తల దించుకున్నాను. తిరుపతిలో డిగ్రీ చదివే రోజులు. ప్రాక్టికల్ పరీక్షకు బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చారు. బల్ల మీదున్న సున్నపు తేట సీసా చేతికి తీసుకుని, "ఇది సంతృప్త ద్రావణమా, కాదా?" అని అడిగారు. చూస్తే మంచినీళ్లలాగే ఉంది. "కాదు సార్, పలచగా ఉంది కదా" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. సీసాను నా కళ్ల ముందుకు తెచ్చి, "అడుగు చూడు" అన్నారు. అడుగున రెండు వేళ్ల మందాన తెల్లటి సున్నం పేరుకుని ఉంది.

నీళ్లు తీసుకోగలిగినంత సున్నం తీసుకున్నాయి, మిగిలింది కిందికి దిగింది. అంతకంటే సంతృప్తం ఏముంటుంది? కాకపోతే సున్నం విషయంలో నీళ్లకు ఆకలి చాలా తక్కువ. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో కరిగేది దాదాపు 1.7 గ్రాములే. ఇంట్లో వక్కాకు వేసుకునే పెద్దవాళ్లుంటే వాళ్ల సున్నపు డబ్బీలో నుంచి ఒక చెంచాడు తీసి చెంబెడు నీళ్లలో కలిపినా అడుగున ఎంతో కొంత తెల్లగా మిగిలే అవకాశమే ఎక్కువ.

మరి చక్కెరో? అదే 20 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్ల నీళ్లలో దాదాపు 200 గ్రాములు కరుగుతుంది. నీళ్ల బరువుకు రెండింతలు! మీరు 100 గ్రాములు వేసి కలిపారనుకోండి. వేలికి జిగురు తగులుతుంది, నోట్లో పోసుకుంటే తీపి గొంతుకు పట్టుకుంటుంది. అయినా అది అసంతృప్త ద్రావణమే. ఇంకో 100 గ్రాములకు అందులో చోటుంది.

మీరు చెప్పిన "చిక్కగా" అన్న మాట ఎక్కడ తప్పిందో ఇప్పుడు తెలిసిపోయి ఉంటుంది. చిక్కదనం, పలచదనం అనేవి ఎంత ఉందో చెబుతాయి. దానికి గాఢత అని వేరే పేరుంది. సంతృప్తం అడిగేది వేరే ప్రశ్న: ఇంకా పడుతుందా, పట్టదా? పలచగా ఉండి సంతృప్తమైనవి ఉన్నాయి, చిక్కగా ఉండి కానివీ ఉన్నాయి.

అసలు సంగతి మాటలోనే ఉంది. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్లు గరిటె ముందుకు తెస్తే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అంటాం చూడండి, తృప్తి అంటే అదే కదా. ఒకాయన రెండు గరిటెలకే చెయ్యి అడ్డం పెడతాడు, పక్కాయన పదింటికి పెడతాడు. ఎవరెంత తిన్నారన్నది కాదు లెక్క, ఇక పట్టదన్నదే లెక్క. ఇంగ్లీషు మాటకు మూలమైన 'సటుర్' అనే లాటిన్ మాటకూ కడుపు నిండిన అనే అర్థం. తెలుగులో ఈ పేరు పెట్టినవాళ్లెవరో గానీ ఆలోచించే పెట్టారు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఆ సుఖం లేకుండా పోయింది.

మనవైపు వాళ్లకు ఇంకో పోలిక సులువుగా ఎక్కుతుంది. తిరుమలలో కంపార్టుమెంట్లన్నీ నిండాయి, క్యూ శిలాతోరణం దాకా వచ్చింది అని పేపర్లో తరచూ చదువుతుంటాం. కంపార్టుమెంట్లు నిండటం సంతృప్తం. శిలాతోరణం దాకా నిలబడినవాళ్లు గ్లాసు అడుగున మిగిలిన చక్కెర. అయితే నిండాయంటే కదలిక ఆగిపోయిందని కాదు. లోపలి నుంచి ఎంతమంది దర్శనానికి కదిలితే బయటి నుంచి అంతమందిని వదులుతారు. గ్లాసులోనూ అంతే. అడుగున ఉన్న చక్కెర కొంచెం కొంచెం కరుగుతూనే ఉంటుంది, కరిగినదాంట్లో నుంచి అంతే చక్కెర తిరిగి వచ్చి ఆ పలుకుల మీద చేరుతూనే ఉంటుంది. రాకపోకలు సరిసమానం కాబట్టి మన కంటికి మార్పు కనబడదు. ఇంటర్ పుస్తకంలో దీన్నే డైనమిక్ ఈక్విలిబ్రియం అంటారు. ఇప్పుడు పట్టుకుంటే ఆ పాఠం సగం అయిపోయినట్టే. పోలిక ఇక్కడి దాకే పనికొస్తుందని కూడా పాపకు చెప్పండి. దర్శనం అయినవాళ్లు మళ్లీ క్యూలోకి రారు, చక్కెర వస్తుంది.

ఇక మార్కులు పోయే చోటు. సంతృప్త ద్రావణం గురించి రాసే వాక్యంలో "ఆ ఉష్ణోగ్రత వద్ద" అన్న మాట లేకపోతే ఆ వాక్యం సగమే. 20 డిగ్రీల దగ్గర 200 గ్రాముల చక్కెరతో "చాలు" అన్న నీళ్లే 100 డిగ్రీల దగ్గర దాదాపు 487 గ్రాములు కరిగించుకుంటాయి. ఉప్పు అలా కాదు. 25 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్లకు 36 గ్రాములు, మరుగుతున్నప్పుడు 39. అంత మంట పెడితే పెరిగింది మూడే గ్రాములు. సున్నం ఇంకా విచిత్రం, వేడి చేస్తే తగ్గుతుంది. సున్నపు తేటను కాచి చూస్తే మసకబారేది అందుకే. సోడా వెచ్చబడితే చప్పబడేదీ ఇలాంటిదే, వేడి నీళ్లలో గ్యాసు తక్కువ నిలుస్తుంది. కాబట్టి "వేడి చేస్తే ఎక్కువ కరుగుతుంది" అని కళ్లు మూసుకుని రాయొద్దనండి.

గాలికీ ఇదే వర్తిస్తుంది. 30 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి గరిష్ఠంగా 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 15 డిగ్రీలకు వచ్చేసరికి 13 గ్రాములే. డిసెంబరు తెల్లవారుజామున ఘాట్ రోడ్డు మీద ఎదురు బస్సు కనబడనంత మంచు పట్టినప్పుడు గాలిలోకి కొత్తగా ఎవరూ నీళ్లు పొయ్యలేదు. గాలి చల్లబడింది, దాని విస్తరి చిన్నదైంది, అంతే.

మీ పాకం సంగతికి వద్దాం. మీ పాప చెప్పింది నిజమే. ఈ పాఠం మొత్తంలో నాకు ఇష్టమైన ముక్క కూడా అదే.

ఒక ద్రావణం ఏ రకమో తెలియకపోతే అందులో ఒక్క పలుకు వేసి చూడాలి. పలుకు కరిగిపోతే అసంతృప్తం. అలాగే ఉండిపోతే సంతృప్తం. వేసిన పలుకు చుట్టూ కొత్త పలుకులు పుట్టుకొస్తే అది అతిసంతృప్తం, అంటే కడుపు నిండాక కూడా మొహమాటానికి తిని కూర్చున్న స్థితి. ఎవరైనా కదిలిస్తే చాలు, బయటపడుతుంది.

ఒక తీగ పాకం వచ్చేసరికి గిన్నెలో వేడి దాదాపు 105 డిగ్రీలు ఉంటుంది. ఆ వేడికి అంత చక్కెరా కరిగే ఉంటుంది. దించాక చల్లారే కొద్దీ నీళ్ల శక్తి తగ్గుతుంది, లెక్క ప్రకారం ఎక్కువైన చక్కెర బయటికి రావాలి. కానీ పలుకు కట్టడానికి మొదట ఒక పలుకు కావాలి, మిగతావి దాని మీద వచ్చి పేర్చుకుంటాయి. ఆ మొదటిది దొరకనంతసేపూ పాకం తేటగానే ఉంటుంది. మీరు గరిటెతో ఊరికే తిప్పినా, గిన్నె అంచున ఎండి అంటుకున్న చక్కెర జారి లోపల పడినా, పొడి చక్కెర అంటిన గరిటె ముంచినా ఆ మొదటి పలుకు దొరికిపోతుంది. చూస్తుండగానే గిన్నెంతా తెల్లబడుతుంది.

చక్కెర పూర్తిగా కరిగేదాకా తిప్పండి, మరగడం మొదలయ్యాక తిప్పడం మానండి. తడిగుడ్డ చుట్టిన చెంచాతో గిన్నె అంచులు తుడవండి. కొంచెం నిమ్మరసం పిండండి. మా అమ్మ పిండేది, ఎందుకని అడిగితే "పాకం విరగకుండా" అనేది. నిజానికి అక్కడ విరిగేది చక్కెర అణువే. పులుపుకు, వేడికి అది గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు ముక్కలవుతుంది. పలుకు కట్టాలంటే ఒకే రకం అణువులు వరసగా పేర్చుకోవాలి కదా, మధ్యలో ఈ వేరే రకాలు దూరి వరస చెడగొడతాయి. బెల్లం పాకంతో ఈ బాధ తక్కువ, ఎందుకంటే ఆ రెండూ అందులో ముందే కొంత ఉంటాయి. ఒకవేళ పాకం చక్కెర కట్టేసినా పారబోయకండి. కాసిని నీళ్లు పోసి మళ్లీ వేడి చేస్తే కరిగిపోతుంది.

మీథేన్ దగ్గరికి వెళ్లేముందు మధ్యలో ఒక మెట్టు. కరోనా రోజుల్లో వేలికి పెట్టుకున్న ఆక్సీమీటరు గుర్తుందా? శాచురేషన్ 95 ఉంది, 98 ఉంది అనుకునేవాళ్లం. అక్కడ కరగడం గురించి కాదు, సీట్ల గురించి మాట్లాడుతున్నాం. రక్తంలో ఒక్కో హిమోగ్లోబిన్ అణువుకు ఆక్సిజన్ కూర్చునే చోట్లు నాలుగు. అన్ని అణువులవీ కలిపి నూటికి 95 చోట్లు నిండితే 95. రక్తహీనత ఉన్న మనిషికి కూడా 98 చూపించవచ్చు. బస్సులే తక్కువ, ఉన్న బస్సుల్లో మాత్రం సీట్లన్నీ నిండాయి. ఎంత ఉందన్నది వేరు, నిండిందా అన్నది వేరు అని ఇక్కడా తేలుతుంది.

మీథేన్‌లాంటి హైడ్రోకార్బన్లలోనూ, అంటే కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్నవాటిలోనూ, సీట్ల లెక్కే. కార్బన్‌కు నాలుగు చేతులు అనుకోండి, హైడ్రోజన్‌కు ఒక్కటి. మీథేన్‌లో ఒక కార్బన్ నాలుగు చేతులతో నాలుగు హైడ్రోజన్లను పట్టుకుంది. ఈథేన్‌లో రెండు కార్బన్లు ఒక్కో చేత్తో ఒకదాన్నొకటి పట్టుకుని, మిగిలిన మూడేసి చేతులతో మొత్తం ఆరు హైడ్రోజన్లను పట్టుకున్నాయి. ఇక ఒక్క హైడ్రోజన్‌ను కూడా కలపలేరు. అది సంతృప్తం. ఇథిలీన్‌లో అవే రెండు కార్బన్లు, కానీ హైడ్రోజన్లు నాలుగే. అది అసంతృప్తం.

ఇక్కడ తెలివైన పిల్లలు లేచి అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇథిలీన్‌లో కూడా కార్బన్ నాలుగు చేతులూ ఖాళీ లేవు కదా సార్, మరి అసంతృప్తం ఎలా అయింది?" ఖాళీ లేవు, నిజమే. కానీ రెండు కార్బన్లూ రెండేసి చేతులతో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. అవసరమైతే ఒక పట్టు వదిలి, ఆ చేత్తో కొత్తవాళ్లను పట్టుకోగలవు. ఇద్దరు కూర్చునే సీట్లో సంచి పెట్టుకుని కూర్చున్నట్టు. సీటు నిండినట్టే కనబడుతుంది, సంచి ఒళ్లోకి తీసుకుంటే ఇంకొకరికి చోటొస్తుంది. ద్విబంధం (రెండు చేతుల పట్టు), త్రిబంధం (మూడు చేతుల పట్టు) ఉన్నవన్నీ ఇలా చోటివ్వగలిగినవే. నారింజ రంగు బ్రోమిన్ నీళ్లు పోస్తే రంగు పోవడం దానికి ల్యాబ్‌లో చూపించే సాక్ష్యం. బ్రోమిన్ వెళ్లి ఆ చోట్లో కూర్చుంది.

లెక్క కావాలంటే, కార్బన్ల సంఖ్యను రెట్టించి రెండు కలపండి. అన్ని హైడ్రోజన్లుంటే సంతృప్తం, తగ్గితే ఎక్కడో ద్విబంధమో త్రిబంధమో ఉంది. వలయాకారపు అణువులకు మాత్రం ఈ లెక్క కుదరదు.

ఈ ఇథిలీన్ మీకు కొత్తది కాదు, మన మామిడికాయను పండించేది అదే. కాయ తనంతట తాను ఆ వాయువును విడుస్తూ పండుతుంది. మాగబెట్టే గదుల్లో బయటి నుంచి ఇథిలీన్ వదలడానికి ఆహార భద్రతా నిబంధనలు 100 పీపీఎం దాకా, అంటే గాలిలో పది లక్షల వంతులకు వంద వంతుల దాకా ఒప్పుకుంటాయి. కార్బైడ్ రాళ్లు పెడితే వచ్చేది దాని తోబుట్టువు ఎసిటిలీన్, త్రిబంధం ఉన్నది. వెల్డింగు వాళ్ల గ్యాసు అదే. కార్బైడ్‌తో పాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలూ వస్తాయి గనక దాంతో పండ్లు మాగబెట్టడాన్ని నిషేధించారు. అసంతృప్త హైడ్రోకార్బన్లకు ఉదాహరణలు ఇవ్వమంటే మీ పాప మామిడి తోటను తలుచుకుంటే చాలు, రెండూ దొరుకుతాయి.

నెయ్యి సంగతి పై లెక్కకు కొనసాగింపే. నెయ్యిలోనూ నూనెలోనూ పొడవాటి కార్బన్ గొలుసులుంటాయి. గొలుసులో ద్విబంధం లేకపోతే అది సంతృప్తం, నిటారుగా ఉంటుంది. ద్విబంధం ఉంటే అక్కడ వంపు తిరుగుతుంది. చెరుకు గడలు కట్ట కడితే ఒకదానికొకటి అతుక్కుని గట్టిగా కూర్చుంటాయి. చింత కొమ్మలు కట్ట కట్టి చూడండి, ఎంత బిగించినా సందులే. నెయ్యిలో నిటారు గొలుసులు సగానికి పైనే, అందుకే చలికాలం గడ్డకడుతుంది. చెనక్కాయల నూనెలో అవి ఐదో వంతుకు అటూ ఇటూ, అందుకే కారుతూ ఉంటుంది. కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం, 24 డిగ్రీలకు దిగితే సీసాలోనే గడ్డ. వనస్పతి తయారీలో నికెల్ సాయంతో నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి ఆ వంపులు సరిచేస్తారు. ఏది ఎంత తినాలన్నది డాక్టరుగారినే అడగండి, నేను కెమిస్ట్రీ వరకే.

మీ పాప అడిగిన "ఒకటేనా?" అన్నదానికి నా జవాబు: ప్రశ్న ఒకటే, అడిగే చోట్లు వేరు. చక్కెర నీళ్లలో "ఈ వేడికి ఇంకా కరుగుతుందా?" అని అడుగుతాం. మీథేన్‌లో, నెయ్యిలో "ఇంకా హైడ్రోజన్ పడుతుందా?" అని అడుగుతాం. రెండోదానికి ఉష్ణోగ్రతతో పని లేదు. వేడి చేసినంత మాత్రాన ఈథేన్‌లోని కార్బన్‌కు ఐదో చెయ్యి మొలవదు. పరీక్షలో ఏ పాఠం నుంచి అడిగారో చూసుకుని, ఏది దేనితో నిండిందో ఒక మాట రాస్తే మార్కులు ఎక్కడికీ పోవు.

బట్టీ పట్టే ముందు ఒక ఆదివారం మీరిద్దరూ కలిసి కలకండ కట్టండి. ఒక కప్పు నీళ్లకు మూడు కప్పుల చక్కెర, కొంచెం కొంచెంగా వేస్తూ సన్నటి మంట మీద పూర్తిగా కరిగేదాకా కలపండి. నిమ్మరసం పొరపాటున కూడా వద్దు, ఈసారి మనకు పలుకులే కావాలి. కాస్త చల్లారనిచ్చి గాజు గ్లాసులో పొయ్యండి. నూలు దారం తడిపి, చక్కెరలో దొర్లించి, బాగా ఆరాక, ఒక పుల్లకు కట్టి అందులోకి వేలాడదియ్యండి. దారం గ్లాసు గోడకు, అడుగుకు తగలకూడదు. పైన పలచటి గుడ్డ కప్పండి. వారం రోజులు ఎవరూ కదపకూడదు, ముఖ్యంగా రోజుకు పదిసార్లు ఎత్తి చూడకూడదు. గ్లాసును నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టండి, లేకపోతే రెండో రోజుకే చీమలు పడతాయి.